హెచ్‌ఐవీ మందులకు నెలకు రూ.3,200: సాయం ఎవరిని అడగాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఉండేది గుంటూరు. నాలుగేళ్లుగా ప్రైవేటు డాక్టరు దగ్గర వాడుతున్నారు. రోజుకో మాత్ర, నెలకు రూ.3,200. ఉద్యోగం పోయింది, చేతిలో ఉన్న డబ్బు రెండు నెలలకు మించి రాదు. మందుల ఖర్చు భరించే ట్రస్టులేమైనా ఉన్నాయా, ఆన్‌లైన్‌లో విరాళాలు అడగవచ్చా అన్నారు. అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్న మీ తమ్ముడి స్నేహితుడికి కూడా ఇదే సమస్య వచ్చింది, అక్కడ దారేమిటన్నది రెండో ప్రశ్న.

మొదటిదానికి జవాబు: విరాళాలు అడగకండి. మీరు కొంటున్న మందు, లేదా అంతే పనిచేసే మందు, మీ ఊళ్లోనే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోని ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణచే మందుల చికిత్స) సెంటరులో ఉచితంగా ఇస్తారు. ఆదాయ పరిమితి లేదు, రేషన్ కార్డు అక్కర్లేదు. పేరూ ఫొటోతో విరాళాల పేజీ పెడితే అది ఇంటర్నెట్‌లో ఎప్పటికీ ఉండిపోతుంది. ఉచితంగా దొరికే మందు కోసం అంత మూల్యం చెల్లించనక్కర్లేదు.

మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పుడు ఎంపిక చేసిన కొన్ని ఆసుపత్రుల్లోనే, అదీ వ్యాధి ముదిరినవారికే ఇచ్చేవారు. సీడీ4 (రక్తంలో రోగనిరోధక కణాల లెక్క) ఎంత ఉన్నా, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందు ఇవ్వాలన్న విధానం 2017లో వచ్చింది. 'సీడీ4 బాగానే ఉంది, మీకు అప్పుడే గవర్నమెంటు మందు ఇవ్వరు' అన్న మాట పాత రోజులది. ఇప్పటికీ చాలామంది అదే నమ్మి ప్రైవేటులో కొంటున్నారు.

'ఉచిత మందు నాసిరకం' అన్నది రెండో అపోహ. సెంటర్లలో ఇప్పుడు మొదటి వరుసలో ఇచ్చేది టీఎల్‌డీ: టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50, మూడూ ఒకే మాత్రలో, రోజుకొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట వాడమని చెప్పేదీ ఇదే. ఆఫ్రికా దేశాలకు వెళ్లే ఈ మాత్రల్లో పెద్ద వాటా హెటెరో, అరబిందో, లారస్ లాంటి మన హైదరాబాద్ కంపెనీలదే. 2023 ఆగస్టులో గ్లోబల్ ఫండ్ ప్రకటించిన టీఎల్‌డీ ధర మనిషికి ఏడాదికి 45 డాలర్ల లోపు. అప్పటి లెక్కలో మూడు వేల ఏడు వందల రూపాయల చిల్లర. అంటే మీరు ఒక నెలకు పెడుతున్న డబ్బుకు ఇంకో ఐదు వందలు కలిపితే టోకు కొనుగోలులో ఏడాది మందు వస్తుంది. చవకగా ఉన్నది కొనే పద్ధతి వల్ల, సరుకు వల్ల కాదు.

మీది రూ.3,200 అవుతోందంటే బహుశా అది టీఎల్‌డీ కాదు. టెనోఫోవిర్‌లో రెండు రకాలున్నాయి: పాతది టీడీఎఫ్, కొత్తది టీఏఎఫ్. టీఏఎఫ్, ఎమ్ట్రిసిటాబిన్, డోలుటెగ్రావిర్ కలిపిన మాత్ర ప్రైవేటులో బాగా రాస్తారు, దాని ధర ఎక్కువ. కిడ్నీ, ఎముకల సమస్య ఉన్నవారికి టీఏఎఫ్ మేలు. ఆ సమస్య లేనివారికి వైరస్‌ను అణచడంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మీ డబ్బా మీద అక్షరాలు చదివి ఏది వాడుతున్నారో ముందు తేల్చుకోండి. కింద చెప్పే ప్రతి పనికీ ఆ వివరం కావాలి.

మారడం ఎలా

చేతిలో కనీసం నెల మందు ఉండగానే మొదలుపెట్టండి. ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే. ఆఖరి డబ్బా అయిపోయాక సెంటరుకు వెళ్తారు. అక్కడ పరీక్షలకు వారం పడుతుంది, ఆ వారం మందు ఉండదు.

ముందుగా వెళ్లాల్సింది ఐసీటీసీకి, అంటే రక్తపరీక్ష, కౌన్సిలింగ్ చేసే గదికి. అదే ఆసుపత్రి ఆవరణలో ఉంటుంది. ప్రైవేటు ల్యాబు రిపోర్టు ఉన్నా మళ్లీ పరీక్ష చేస్తారు. నాలుగేళ్లుగా మందు వాడుతున్న మనిషికి మళ్లీ పరీక్షేమిటని గొడవపడకండి. ప్రభుత్వ లెక్కల్లో ఐసీటీసీ రిపోర్టు నంబరు లేకుండా ఏఆర్‌టీ రిజిస్ట్రేషన్ ముందుకు కదలదు. ఆ రిపోర్టుతో పక్కనున్న ఏఆర్‌టీ సెంటరుకు పంపుతారు.

వెంట తీసుకెళ్లాల్సినవి: ఆధార్, మందు మొదలుపెట్టిన తేదీ కనిపించే పాత చీటీ, ఇప్పటి చీటీ, మధ్యలో మందు మార్చి ఉంటే ఆ చీటీ, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే పరీక్ష), సీడీ4 రిపోర్టులు ఎన్ని ఉంటే అన్ని, ఖాళీ డబ్బా ఒకటి. చీటీలు పోతే ప్రైవేటు డాక్టరు దగ్గర ఒక పేజీ సమ్మరీ రాయించుకోండి. అందులో మూడు సంగతులు తప్పక ఉండాలి: ఏ మందులు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వాడారు, మార్చి ఉంటే ఎందుకు మార్చారు (పడకా, పనిచేయకా), హెపటైటిస్-బి ఉందా లేదా. మార్చిన కారణం రాయకపోతే సెంటరు డాక్టరుకు అది మందు విఫలమైన కేసో కాదో తెలియదు. అక్కడే వారాలు గడిచిపోతాయి.

మొదటి రోజు రక్తం తీస్తారు: సీడీ4, హిమోగ్లోబిన్, లివరు, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), షుగరు, హెపటైటిస్-బి, సి, సిఫిలిస్. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు — ఈ నాలుగింటి గురించీ అడుగుతారు. అది టీబీ కోసం. ప్రతిసారీ అడుగుతారు, విసుక్కోకుండా నిజం చెప్పండి. కౌన్సిలరు విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. ఇవన్నీ ఉచితం. ఇవే పరీక్షలు మీరు బయట ఎంతకు చేయించుకున్నారో పాత బిల్లులు చూస్తే తెలుస్తుంది. ఏడాదికోసారి వైరల్ లోడ్ కూడా సెంటరు ద్వారానే జరుగుతుంది. మందు మాట అలా ఉంచితే, ప్రైవేటులో ఈ పరీక్షలే పెద్ద ఖర్చు.

మీకో ఏఆర్‌టీ నంబరు, ఒక పుస్తకం ఇస్తారు. అందరూ గ్రీన్ బుక్ అంటారు. మొదటి పేజీ ఫొటో తీసి ఫోనులో తాళం ఉన్న చోట దాచుకోండి. పుస్తకం పోయినా నంబరు చెబితే పని జరుగుతుంది. మొదట నెల నెలా మందు ఇస్తారు. క్రమం తప్పకుండా వచ్చి, వైరల్ లోడ్ అణిగి ఉన్నవారికి ఒకేసారి రెండు మూడు నెలలవి ఇస్తారు. మీకు నాలుగేళ్ల రికార్డుంది కాబట్టి ఆ మాట మీరే ఎత్తండి. వాళ్లంతట వాళ్లకు గుర్తు రాకపోవచ్చు.

మీరు టీఏఎఫ్ మాత్ర మీద ఉంటే సెంటరులో టీఎల్‌డీకి మారుస్తారు. కిడ్నీ బాగుంటే ఇది మామూలు మార్పే: ఈ రాత్రి పాతది, రేపు రాత్రి కొత్తది, మధ్యలో ఖాళీ లేదు. క్రియాటినిన్ ఎక్కువుంటే టీడీఎఫ్ బదులు వేరే మందు చూస్తారు. హెపటైటిస్-బి కూడా ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ ఆ వైరస్‌నూ అణచి ఉంచుతాయి. డబ్బులేక ఒక్కసారిగా ఆపేస్తే హెచ్‌ఐవీ కంటే ముందు లివరు దెబ్బతినవచ్చు. కామెర్లతో ఆసుపత్రిలో చేరేదాకా వెళ్లవచ్చు.

సెకండ్ లైన్ మీద ఉంటే

మొదటి వరుస మందు పనిచేయనప్పుడు ఇచ్చే అటజనావిర్-రిటోనావిర్, దరునావిర్, రాల్టెగ్రావిర్ లాంటివి వాడుతున్నవారికి దారి కాస్త పొడవు. ఇవీ ప్రభుత్వంలో ఉచితమే. కానీ మామూలు సెంటరు డాక్టరు ఒక్కరే నిర్ణయించి రాయలేరు. సాసెప్ అని పిలిచే రాష్ట్ర నిపుణుల ప్యానెల్ చూడాలి. ఆ ప్యానెల్ పనిచేసేది సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌లు, ఏఆర్‌టీ ప్లస్ సెంటర్ల నుంచి. తెలంగాణలో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి అలాంటిదే. కాగితాలు సెంటరే పంపిస్తుంది. ప్యానెల్ అడిగే మొదటి ప్రశ్న: మొదటి వరుస మందు విఫలమైందని రుజువేమిటి? ప్రైవేటులో ఒక్కోసారి వైరల్ లోడ్ చేయించకుండానే నేరుగా సెకండ్ లైన్ రాసేస్తారు. రుజువు లేకపోతే ప్యానెల్ మిమ్మల్ని మళ్లీ పరీక్షించి, అవసరమైతే సులువైన మందుకే మార్చవచ్చు. అది మీకు నష్టం కాదు. మాత్రలు తగ్గుతాయి. ఈ పనికి నెల పైనే పట్టవచ్చు కాబట్టి ప్రైవేటు మందు రెండు నెలలకు సరిపడా దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి. విరాళమో చేబదులో అడగాల్సి వస్తే ఈ రెండు నెలలకే అడగండి.

డబ్బు మిగలాలని రోజు విడిచి రోజు మాత్ర వేసుకోవడం, నెల డబ్బాను నలభై ఐదు రోజులు లాగడం చాలామంది చెప్పకుండా చేసే పని. ఆర్థికంగా ఇంతకంటే పెద్ద నష్టం లేదు. రక్తంలో మందు పలచబడినప్పుడు వైరస్ పెరుగుతూ ఆ మందుకు అలవాటు పడుతుంది. ఆ తరువాత ఆ మందు పనిచేయదు, వచ్చేది సెకండ్ లైన్. ప్రైవేటులో దాని ఖర్చు దీనికి కొన్ని రెట్లు. కొనలేని రోజు వస్తే మాత్రను పొదుపు చేయకండి, ఆ రోజే సెంటరుకు వెళ్లండి.

'ఎవరైనా చూస్తే?'

అసలు అడ్డంకి ఇదేనని తెలుసు. గుంటూరు జీజీహెచ్‌లో తెలిసినవాళ్లు కనబడతారన్న భయంతోనే నాలుగేళ్లలో లక్షన్నర దాకా పెట్టారు. రూ.3,200ను నలభై ఎనిమిది నెలలతో గుణిస్తే రూ.1,53,600. ఆ భయానికి ఉపాయాలున్నాయి.

సొంత జిల్లా సెంటరులోనే చేరాలన్న పట్టింపు లేదు. విజయవాడలోనూ ఏఆర్‌టీ సెంటరుంది, రైల్లో వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు. మరీ దూరం మాత్రం ఎంచుకోకండి. గుంటూరు మనిషి హైదరాబాద్‌లో పేరు రాయించుకుంటే మూడో నెలకు ప్రయాణం బరువై మందు తప్పుతుంది. జ్వరం వచ్చిన రోజు కూడా వెళ్లగలిగే దూరం చూసుకోండి. కొన్నాళ్లయ్యాక చిన్న ఊళ్లలో ఉండే లింక్ ఏఆర్‌టీ సెంటరుకు మందు మార్పించుకోవచ్చు. అక్కడ రద్దీ తక్కువ. ఊరు మారితే ట్రాన్స్‌ఫర్ ఫారం తీసుకుని వెళ్లండి. ఫారం లేకుండా కొత్త చోట కొత్త మనిషిలా మళ్లీ పేరు రాయించుకుంటే రెండు నంబర్లు పడతాయి, తరువాత చిక్కులు. నాలుగు రోజులు వేరే ఊళ్లో చిక్కుకుపోతే ఆ ఊరి సెంటరులో గ్రీన్ బుక్ చూపించండి. ప్రయాణంలో ఉన్న పేషంటుగా కొద్ది రోజుల మందు ఇస్తారు.

మీ వివరాలు బయటపెట్టడం చట్టరీత్యా నేరం. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. అదే చట్టంలో 14వ సెక్షను ఏఆర్‌టీ ఇవ్వడం ప్రభుత్వాల పని అంటుంది. 'సాధ్యమైనంత మేరకు' అని ఒక మాట కలిపింది. ఆ మాట మీద అప్పట్లోనే అభ్యంతరాలు వచ్చాయి, న్యాయంగానే వచ్చాయి. 2022లో కొన్ని మందుల నిల్వలు తగ్గి పాజిటివ్ వ్యక్తులు ఢిల్లీలో నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) ఆఫీసు ముందు వారాల తరబడి ధర్నా చేశారు. అందుకే ఎప్పుడూ పది రోజుల మందు అదనంగా ఉంచుకోండి. డబ్బా ఖాళీ అయ్యే రోజున కాక, వారం ముందే వెళ్లే అలవాటు చేసుకుంటే ఆ నిల్వ దానంతటదే తయారవుతుంది. నెలకు బదులు పది రోజులకే ఇచ్చి పంపితే, పక్క సెంటరు నుంచి తెప్పిస్తారా అని ఫార్మసిస్టును అడగండి. అలా సర్దుకోవడం సెంటర్ల మధ్య మామూలే. ఎక్కడా మాట చెల్లకపోతే 1097కు ఫోన్ చేయండి. నాకో నడిపే టోల్ ఫ్రీ నంబరు అది, పేరు చెప్పనక్కర్లేదు.

డబ్బా ఎవరి కంటా పడకూడదని మాత్రలను వేరే సీసాలో పోసేవారున్నారు. తప్పనిసరైతే లోపలున్న చిన్న తెల్ల పొట్లాన్ని కూడా అందులో వేసి మూత గట్టిగా బిగించండి, అది తేమను పీలుస్తుంది. అంతకన్నా మంచిది డబ్బా అదే ఉంచి పైనున్న లేబులు చించేయడం.

మందు కాక మిగిలిన ఖర్చులు

ఆంధ్రప్రదేశ్‌లో ఏఆర్‌టీ వాడుతున్నవారికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు రూ.4,000 పింఛను ఉంది. 2024 జూన్‌లో పెంచిన రేటిది. తెలంగాణలో ఆసరా కింద 2019 జూన్ నుంచి రూ.2,016. రెండు చోట్లా రేషన్ కార్డు, ఆధార్, ఏఆర్‌టీ సెంటరు ధ్రువీకరణ కీలకం. ఆంధ్రలో ఆరు నెలలు వరుసగా సెంటరులో మందు తీసుకుని ఉండాలన్న నియమం ఉంది. మీరు ప్రైవేటులో వాడిన నాలుగేళ్లు ఇందులోకి రావు. ఇవాళ చేరితేనే ఆరు నెలల లెక్క మొదలవుతుంది. త్వరగా చేరమనడానికి ఇదొక కారణం. కొత్త దరఖాస్తులు ఏడాది పొడవునా తీసుకోరు. కౌన్సిలరు దగ్గర పేరు రాయించి ఉంచితే తెరిచినప్పుడు కబురు వస్తుంది.

ఆంధ్రలో పింఛన్లు మామూలుగా ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి ఇంటికొచ్చి ఇస్తారు. ఏఆర్‌టీ పింఛనూ అలాగే వస్తుందా, వివరాలు ఎవరికి కనిపిస్తాయి అన్నది దరఖాస్తు పెట్టకముందే ఏఆర్‌టీ కౌన్సిలరుతో మాట్లాడండి. పెట్టాక ఆపడం కష్టం. వేరే అర్హత, వితంతువో వృద్ధాప్యమో, ఉన్నవారు ఆ పేరుతోనే తీసుకోవడం చాలామంది చేసేదే. అంకె కూడా అంతే.

రైల్లో ఏఆర్‌టీ సెంటరుకు వెళ్లి రావడానికి సెకండ్ క్లాసులో సగం చార్జీ రాయితీ ఉంది. సెంటరు ఇచ్చే సర్టిఫికెట్ కౌంటరులో చూపించాలి. గుంటూరు-విజయవాడ మధ్య ప్యాసింజరుకు మిగిలేది చిల్లరే, దానికోసం కౌంటరులో జబ్బు పేరున్న కాగితం చాచాలా అన్నది మీ ఇష్టం. దూరం వెళ్లేవారికి పనికొస్తుంది.

పిల్లలుంటే మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ గురించి అడగండి. తల్లిదండ్రులకు ప్రాణాంతక జబ్బున్న పిల్లలూ దాని కిందకు వస్తారు. నెలకు రూ.4,000. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో రూ.72,000, మిగిలినచోట్ల రూ.96,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో. టీబీ కూడా బయటపడితే ఆ మందులూ ఉచితమే, నిక్షయ్ పోషణ్ కింద నెలకు రూ.1,000 బ్యాంకులో పడుతుంది. 2024 నవంబరు దాకా అది రూ.500 ఉండేది. టీబీ మందు రిఫాంపిసిన్ మొదలైతే డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు కావాలి. రెండో మాత్ర సెంటరే ఇస్తుంది, బయట కొనకండి.

ఆరోగ్య బీమా నుంచి నెలవారీ మందు డబ్బు రాబట్టే ఆశ పెట్టుకోవద్దు. హెచ్‌ఐవీ ఉన్నవారికి పాలసీ తేవాలని 2023 ఫిబ్రవరిలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలను ఆదేశించింది. అవి వచ్చాయి కూడా. కానీ ఆసుపత్రిలో చేరితే పనికొచ్చేవే.

ఇంత చెప్పినా ప్రైవేటులోనే ఉంటానంటే, డాక్టరును ఒక్క ప్రశ్న అడగండి: 'నాకు సాదా టీఎల్‌డీ సరిపోతుందా?' సరిపోతే నెల ఖర్చు తగ్గుతుంది. ఏడాదికోసారి మించి వైరల్ లోడ్, అడపాదడపా సీడీ4 ఎందుకు రాస్తున్నారో కూడా అడగండి. వైరస్ అణిగిన మనిషికి ఊరికే సీడీ4 చేయించడంలో లాభం తక్కువ. కాల్షియం, ఐరన్, యాంటాసిడ్ గ్యాస్ మాత్రలు కూడా వాడుతుంటే డోలుటెగ్రావిర్‌కు వాటికీ దూరం పాటించండి: ఇది ముందు వేసుకుంటే రెండు గంటలు, అవి ముందు వేసుకుంటే ఆరు గంటలు. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారు రోజుకు 1,000 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆకుపసరు మందుతో నయమవుతుందని చెప్పేవాళ్లకు ఇచ్చే డబ్బు గురించి వేరే చెప్పను.

అమెరికాలో ఉన్న అబ్బాయికి

అక్కడ కథ పూర్తిగా వేరు. ఎక్కువగా రాసే హెచ్‌ఐవీ మాత్ర బిక్టార్వీ (2018లో అనుమతి వచ్చింది) జాబితా ధర నెలకు నాలుగు వేల డాలర్ల చుట్టూ ఉంది. సొంతంగా ఎవరూ కొనలేరు. అలాగే సొంతంగా ఎవరూ కొనాల్సిన అవసరం లేకుండా ఏర్పాట్లూ ఉన్నాయి. కాకపోతే అవి ఒకచోట దొరకవు.

మొదట హెచ్‌ఐవీ ఉన్నవారి కోసం ప్రభుత్వం నడిపే రయాన్ వైట్ ప్రోగ్రాం. 1990 నాటి చట్టంతో వచ్చింది. ఇన్సూరెన్స్, మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వ బీమా) ఏదీ పూర్తిగా చెల్లించనప్పుడు ఆఖరున చెల్లించేది ఇది. ఇందులో మందుల భాగాన్ని ఏడాప్ అంటారు, రాష్ట్రాలు నడుపుతాయి. వీసా రకం అర్హతకు షరతు కాదని 2021 మార్గదర్శకం చెబుతోంది. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవారికీ ఇది వర్తిస్తుంది. అడిగేవి నాలుగు: ఆ రాష్ట్రంలో ఉంటున్న రుజువు (అద్దె ఒప్పందం లేదా కరెంటు బిల్లు), ఆదాయ రుజువు, హెచ్‌ఐవీ ల్యాబు రిపోర్టు, ఇన్సూరెన్స్ కార్డు ఉంటే అది. నలుగురు కుర్రాళ్లు కలిసుండే అపార్టుమెంటులో లీజు మీద పేరు లేకపోవడం మన విద్యార్థులకు తరచూ వచ్చే చిక్కు. యూనివర్సిటీ ఉత్తరం, బ్యాంకు స్టేట్‌మెంటు లాంటివి తీసుకుంటారేమో క్లినిక్ కేసు మేనేజరును అడగాలి. జీతమే లేకపోతే ఆదాయం సున్నా అని రాసే ఫారం ఉంటుంది. ఆ గడి ఖాళీగా వదిలేస్తే దరఖాస్తు వెనక్కొస్తుంది.

ఆదాయ పరిమితి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. 2025లో ఒంటరి మనిషికి ఫెడరల్ పేదరిక రేఖ 15,650 డాలర్లు. టెక్సస్ దానికి రెట్టింపు దగ్గర గీత గీస్తుంది, అంటే 31,300. న్యూజెర్సీ ఐదు రెట్ల దాకా వెళ్తుంది. అందుకే డల్లాస్‌లో ఓపీటీ (చదువయ్యాక పని చేసుకునే అనుమతి) మీద ఉద్యోగం రాగానే అర్హత పోయినవాళ్లున్నారు, జెర్సీ సిటీలో అదే జీతంతో కొనసాగినవాళ్లూ ఉన్నారు. రాష్ట్రం మారితే పాత ఏడాప్ వెంట రాదు, కొత్తగా పెట్టుకోవాలి. గడువుకు మళ్లీ కాగితాలు ఇవ్వకపోతే ఆగిపోతుంది. ఈ రెన్యువల్ ఉత్తరం చూడకపోవడం వల్ల కూడా అక్కడ మందు ఆగిపోతుంది.

చాలామంది మన పిల్లలు ఫీజు తగ్గుతుందని యూనివర్సిటీ ఇన్సూరెన్స్‌ను వద్దని (వేవ్ చేసి) బయట చవక ప్లాన్ కొంటారు. ఆ చవక ప్లాన్లలో చాలావాటికి ముందునుంచీ ఉన్న జబ్బులు వర్తించవు. ఈ అబ్బాయి అదే చేసి ఉంటే, వచ్చే సెమిస్టరుకు యూనివర్సిటీ ప్లాన్‌లోకి మారమనండి. ఈలోగా రయాన్ వైట్ క్లినిక్.

ఇన్సూరెన్స్ ఉన్నవారికి మందు కంపెనీ ఇచ్చే కోపే కార్డు ఉంటుంది. బిక్టార్వీ తయారుచేసే గిలియడ్ వాళ్లది అడ్వాన్సింగ్ యాక్సెస్. ఏడాదికి కొన్ని వేల డాలర్ల వరకు రోగి వాటాను కంపెనీయే కడుతుంది. ఇన్సూరెన్స్ అస్సలు లేనివారికి ఉచితంగా ఇచ్చే పథకం కూడా వారికుంది, ఆదాయ పరిమితితో. మెడికెయిడ్, మెడికేర్ లాంటి ప్రభుత్వ బీమా ఉన్నవారు కోపే కార్డు వాడకూడదు. ఉద్యోగం ఇచ్చే ప్లాన్లలో ఇంకో మెలిక ఉంటుంది: కార్డు కట్టిన డబ్బును డిడక్టబుల్‌లో (బీమా చెల్లింపు మొదలయ్యేలోపు రోగి కట్టాల్సిన మొత్తంలో) కలపరు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో బిల్లు సున్నా. కార్డు పరిమితి అయిపోయాక ఒక నెలలో మూడు వేల డాలర్లు కట్టమంటారు. దీన్ని కోపే అక్యుములేటర్ అంటారు. కొన్ని రాష్ట్రాలు నిషేధించినా, ఉద్యోగమిచ్చిన కంపెనీ సొంత డబ్బుతో నడిపే ప్లాన్లకు ఆ నిషేధం అంటదు. ఏడాది మొదట్లోనే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి ఇది అడగాలి. హెచ్‌ఆర్‌ను అడగనక్కర్లేదు. క్లెయిం వివరాల ఉత్తరాలు ఇంటికి రాకుండా ఆన్‌లైన్‌కు మార్చుకోవాలి, రూమ్మేట్లు కవరు చించుతారు.

ఇండియా నుంచి తెచ్చుకోవడం మధ్యకాలానికి పనికొస్తుంది. సొంత వాడకానికి మూడు నెలలకు మించకుండా, అసలు డబ్బాలో, డాక్టరు చీటీతో, చేతి సంచిలో. పార్సిల్‌లో పంపితే కస్టమ్స్‌లో ఆగిపోతుంది, వారాల తరబడి కదలదు. హెచ్‌ఐవీ ఉన్నవారిని అమెరికా రానివ్వకపోవడమన్నది 2010 జనవరి 4తో పోయింది కాబట్టి సంచిలో మందు ఉందని వీసాకు భయం లేదు. గల్ఫ్ సంగతి అలా కాదు. అక్కడ పని వీసాకు హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి, పాజిటివ్ అయితే వీసా రాదు, ఉన్నవారినీ పంపేస్తారు. ఏజెంటుకు డబ్బు కట్టకముందే ఆ విషయం తేల్చుకోవాలి.

మీ విషయానికి వస్తే, ఐసీటీసీకి ఏదో ఒక రోజు ఉదయం వెళ్లండి, ఓపీ రద్దీ పెరగకముందే. ఆధార్, పాత చీటీ, ఖాళీ డబ్బా మర్చిపోకండి. హెపటైటిస్-బి సంగతి మీ డాక్టరును ఈ వారంలోనే అడిగి పెట్టుకోండి.